ఉన్న సెడాన్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చి, జోరూ సుఖమూ రెండూ ఉన్న సెడాన్ తీసుకోవడం ఎలా

అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. కర్నూలు నుంచి హైదరాబాదుకూ దాదాపు అంతే దూరం. కడప వారికి ఒకవైపు తిరుపతి, మరోవైపు మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు తరచూ తగులుతూనే ఉంటాయి. ఇలా వ్యాపారం కోసమో, ఆస్పత్రి కోసమో, పిల్లల చదువు కోసమో నెలకు చాలాసార్లు దూరం పోయి వచ్చే కుటుంబాలు ఈ మూడు ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఐదారేళ్ల కిందట సెడాన్, అంటే వెనుక డిక్కీ వేరుగా ఉండే తక్కువ ఎత్తు కారు కొన్నవారు ఇప్పుడు దాన్ని మార్చాలనుకుంటే, అడిగినవారంతా ఎత్తైన ఎస్‌యూవీల వైపే వేలు చూపిస్తున్నారు. అయినా సెడాన్‌లో కూర్చునే తీరుకూ, మలుపులో అది నేలను అంటిపెట్టుకుని పోయే నిలకడకూ అలవాటుపడి, మళ్లీ సెడానే కావాలని, కాకపోతే ఇంజన్‌లో ఇంకాస్త బలం, సీటులో ఇంకాస్త సుఖం ఉండాలని కోరుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ మార్పిడిలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకటి, సరైన కొత్త కారును ఎంచుకోవడం. రెండోది, పాత కారును సరైన లెక్కకు వదులుకోవడం. షోరూమ్‌లో ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి చెబుతారు కనుక, ఎక్కడ లాభం వచ్చిందో ఎక్కడ నష్టం జరిగిందో కొనేవారికి తెలియకుండా పోతుంది. అందువల్ల వాటిని విడదీసి ఒకదాని తర్వాత ఒకటి చేయాలన్నదే నేను గట్టిగా చెప్పదలచిన మాట. ఏ కారు కావాలో తేలేదాకా పాత కారు ప్రస్తావన తేకండి. అది తేలిన తర్వాత, మీరు చేతి నుంచి పెట్టవలసిన తేడా మొత్తం తప్ప మరే అంకెకూ విలువ ఇవ్వకండి.

పేరులో స్పోర్ట్, ఇంజన్‌లో స్పోర్ట్

స్పోర్ట్ అనే పేరుతో అమ్మే వెర్షన్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో నలుపు రంగు గ్రిల్లు, నల్లటి అల్లాయ్ చక్రాలు, సీట్ల మీద ఎర్ర దారపు కుట్టు, వెనుక ఒక బ్యాడ్జి మాత్రమే మారతాయి. ఇంజన్ మాత్రం మామూలు వెర్షన్‌లో ఉన్నదే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌నే తీసుకోండి. అందులో జీటీ లైన్ అనే వెర్షన్‌కు 1 లీటరు టర్బో ఇంజన్, అంటే గాలిని ఒత్తి లోపలికి పంపి బలం పెంచే ఇంజన్ ఉంటుంది, దాని బలం 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), లాగే శక్తి అంటే టార్క్ 178 న్యూటన్ మీటర్లు. జీటీ ప్లస్ అనే వెర్షన్‌కు 1.5 లీటరు టర్బో ఇంజన్ ఉంటుంది, దాని బలం 150 పీఎస్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు. రెండింటి మీదా జీటీ అనే అక్షరాలు ఉంటాయి గానీ రోడ్డు మీద రెండింటి నడక వేరు. స్కోడా స్లావియాలోనూ ఇవే రెండు ఇంజన్లు ఉండగా, అందులోని మాంటే కార్లో వెర్షన్‌ను రెండు ఇంజన్లతోనూ అమ్మారు. కాబట్టి పేరు చూసి కాకుండా ఇంజన్ చూసి అడగాలి. హ్యుందాయ్ వెర్నాలో 2023 మార్చిలో వచ్చిన తరం నుంచి 1.5 లీటరు మామూలు పెట్రోలు ఇంజన్ 115 పీఎస్, 144 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, అదే 1.5 లీటరు టర్బో ఇంజన్ 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది.

ఈ అంకెల్లో చాలామంది పీఎస్‌నే చూస్తారు. మన రోడ్లకు టార్క్ ముఖ్యమని, అది ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుందన్నది అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారిలో నాపరాళ్ల లోడు లారీ వెనుక నలబై కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. హోండా సిటీ 1.5 లీటరు మామూలు ఇంజన్ మంచి ఇంజనే అయినా, దాని 145 న్యూటన్ మీటర్ల పూర్తి టార్క్ 4,300 ఆర్‌పీఎం దగ్గర అందుతుంది. అంటే లారీని దాటాలంటే గేరు దించి, ఇంజన్ గట్టిగా అరిచేదాకా తొక్కాలి. వర్టస్ 1.5 టర్బోలో పూర్తి టార్క్ 1,600 ఆర్‌పీఎం నుంచే మొదలై 3,500 దాకా అలాగే ఉంటుంది. వెర్నా టర్బోలో 1,500 నుంచే ఆ బలం దొరుకుతుంది. అందువల్ల ఎదురుగా రోడ్డు ఖాళీగా కనిపించినప్పుడు ఎదుటి వైపు లేనులో గడిపే సమయం బాగా తగ్గుతుంది. బలమైన ఇంజన్ వల్ల కలిగే అసలు మేలు ఇదే. నాలుగు లేన్ల రహదారి మీద వేగంగా పోవడానికి మామూలు ఇంజన్ కూడా చాలు. రెండు లేన్ల దారిలో భద్రంగా దాటడానికే ఈ అదనపు బలం పనికొస్తుంది. మీ ప్రయాణాలన్నీ నాలుగు లేన్ల మీదే అయితే, 1 లీటరు టర్బో తీసుకుని మిగిలిన డబ్బును మంచి సీట్లున్న వెర్షన్ మీద పెట్టడం మేలు.

గేర్‌బాక్స్ గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. వర్టస్, స్లావియా 1.5 లీటరు కార్లలోనూ వెర్నా టర్బోలోనూ వచ్చే ఆటోమేటిక్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లున్న రకానిది. రహదారి మీద దీనంత చురుకుగా, కుదుపు తెలియకుండా గేర్లు మారే పెట్టె ఈ ధరలో మరొకటి లేదనే చెప్పాలి. అయితే ఇందులోని క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండని పొడి క్లచ్‌లు కనుక, అంగుళం అంగుళం చొప్పున జరిగే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. అనంతపురం వారికి ఈ ఇబ్బంది ఊళ్లో కంటే, బెంగళూరులో హెబ్బాళ దగ్గర మొదలవుతుంది. అక్కడ బ్రేకు మీద సగం కాలు పెట్టి కారును పాకించకుండా, ముందు కారుకు కాస్త దూరం ఏర్పడేదాకా పూర్తిగా ఆగి, తర్వాత ఒకేసారి కదలడం అలవాటు చేసుకుంటే క్లచ్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ ఓపిక లేదనుకునేవారికీ, పదేళ్లు కారు ఉంచుకోదలచినవారికీ ఆరు గేర్ల మాన్యువల్ మంచి ఎంపిక. అది ఏ వెర్షన్‌లో దొరుకుతుందో, ఏ వెర్షన్‌లో తీసేశారో షోరూమ్‌లో అప్పటికప్పుడు అడిగి తెలుసుకోండి, ఎందుకంటే కంపెనీలు ఏటా వెర్షన్ల జాబితా మారుస్తుంటాయి.

సుఖం ఎక్కడ ఉంటుంది

జోరుకూ సుఖానికీ పొత్తు కుదరని చోటు ఒకటి ఉంది, అది చక్రాల దగ్గర. మామూలు వెర్షన్‌లో 185/65 ఆర్15 టైరు ఉంటే, స్పోర్ట్ వెర్షన్‌లో 205/55 ఆర్16 టైరు వస్తుంది. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. లెక్క వేస్తే మొదటి టైరు పక్కగోడ 120 మిల్లీమీటర్లు, రెండోదాని పక్కగోడ 113 మిల్లీమీటర్లు వస్తుంది. ఏడు మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపించినా, గతుకు తగిలినప్పుడు మొదట ఒదిగేది ఆ రబ్బరే కనుక సీటులో కూర్చున్నవారికి అది తెలుస్తుంది. వెడల్పైన టైరు మలుపుల్లోనూ బ్రేకు కొట్టినప్పుడూ గట్టి పట్టు ఇస్తుంది, నిజమే. కానీ ఇంకా అందంగా ఉంటుందని కొన్న తర్వాత 17 అంగుళాల చక్రాలు బయట వేయించుకోవడం మాత్రం మన రోడ్లకు వద్దని నా సలహా. పక్కగోడ ఇంకా తగ్గిపోతుంది, గుంతలో రిమ్ము సొట్ట పడే ప్రమాదం పెరుగుతుంది.

మిగిలిన సుఖమంతా సీట్లలో, ఏసీలో, లోపలి నిశ్శబ్దంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. నల్లటి లెదరెట్ సీటులో రెండు గంటలు కూర్చుంటే వీపు తడిసిపోతుంది. సీటులోంచి గాలి ఆడే వెంటిలేటెడ్ సీట్లకు పెట్టే డబ్బు అందుకే మన ప్రాంతంలో వృథా కాదు. సన్‌రూఫ్‌కూ ఈ సీట్లకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, మారుమాట లేకుండా సీట్లనే ఎంచుకోండి. వెనుక సీటుకు వేరుగా ఏసీ గాలి రంధ్రాలు ఉన్నాయా, వెనుక అద్దాలకు తెర ఉందా అన్నవి పెద్దవాళ్లతో ప్రయాణించేవారు తప్పక చూడాలి.

టెస్ట్ డ్రైవ్ మీ దారిలో చేయండి

షోరూమ్ వారు టెస్ట్ డ్రైవ్ అంటే నునుపైన దారిలో రెండు కిలోమీటర్లు పోయి తిరిగి రమ్మంటారు. దానితో ఏమీ తేలదు. మీరు నిజంగా తిరిగే దారిలో కనీసం అరగంట నడిపిస్తేనే కొంటానని మర్యాదగా చెప్పండి. పదిహేను లక్షలకు పైగా పెట్టేవారికి ఆ మాట అడిగే హక్కు ఉంది. అనంతపురంలో అయితే క్లాక్ టవర్ దగ్గరి ఇరుకులో కొంతసేపు, తర్వాత రాప్తాడు వైపు రహదారి మీద కొంతసేపు, చివరికి పక్కనున్న ఏదో ఒక ఊరిలోకి దిగి అక్కడి స్పీడ్ బ్రేకర్ల మీద కొంతసేపు నడిపితే మూడు రకాల రోడ్లూ చూసినట్టే. కడప వారికి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ దగ్గరలోనే ఉంది. ఎక్కుడులో ఇంజన్ బలమూ, దిగుడు మలుపుల్లో బ్రేకూ స్టీరింగూ అక్కడ స్పష్టంగా తెలిసిపోతాయి.

ఈ టెస్ట్ డ్రైవ్‌కు మీరొక్కరే వెళ్లవద్దు. అమ్మను, నాన్నను, లేదా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది కనుక, దిగేటప్పుడు వాళ్లు తలుపు పట్టుకుని లేవవలసి వస్తోందా, తల పైకప్పుకు తగులుతోందా అన్నది మీరు పక్కన నిలబడి చూడాలి. వెనుక సీటులో వారిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలు వేగంతో పోనివ్వండి. తర్వాత నడపడం వేరొకరికి ఇచ్చి, మీరే వెనుక సీటులో కూర్చోండి. సస్పెన్షన్ గట్టిదనం నడిపేవారికి నిలకడగా అనిపిస్తుంది, వెనుక కూర్చున్నవారికి కుదుపుగా అనిపిస్తుంది. ఈ రెండు సీట్ల మధ్య తేడాను చూడకుండా కొన్నవారే తర్వాత ఇంట్లో మాట పడతారు. కారులో నలుగురు పెద్దవాళ్లు ఉన్నప్పుడు అడుగుభాగం స్పీడ్ బ్రేకర్‌కు రాసుకుంటుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. వర్టస్, స్లావియాలకు నేల నుంచి ఎత్తు 179 మిల్లీమీటర్లని కంపెనీలు చెబుతాయి. సెడాన్‌లలో అది మంచి ఎత్తే గానీ, ఆ అంకె ఖాళీ కారుకు చెప్పినది.

పెట్రోలు ఖర్చు ఒకసారి వేసి చూసుకోండి. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగేవారి పాత కారు లీటరుకు 18 ఇస్తూ, కొత్త టర్బో 14 ఇస్తుందనుకుంటే, నెలకు సుమారు 19 లీటర్లు ఎక్కువ పడుతుంది. లీటరు 110 రూపాయల చొప్పున అది రెండు వేల చిల్లర. ఈ మొత్తం మీకు భారం కాదనుకుంటేనే ముందుకు వెళ్లండి. టర్బోకు బీమా, టైర్లు కూడా కాస్త ఎక్కువే అవుతాయి. మరో సంగతి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మీ ఊళ్లోనే ఉందా, లేక ప్రతి సర్వీసుకూ పక్క జిల్లాకో బెంగళూరుకో పోవాలా అన్నది బుకింగ్ డబ్బు కట్టకముందే తెలుసుకోండి.

పాత కారుకు ధర కట్టించడం

ఇప్పుడు పాత కారు దగ్గరికి వద్దాం. ముందుగా, బీమా పాలసీలో రాసిన ఐడీవీని, అంటే బీమా కంపెనీ కారుకు కట్టిన విలువను, పాత కారు ధరగా భావించకండి. అది కారు వయసును బట్టి శాతం తగ్గిస్తూ వేసే అంకె. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు కారుకు కొత్త ధరలో 50 శాతం తరుగు తీసేస్తారు. మార్కెట్లో అంతకంటే ఎక్కువ పలికే మోడళ్లూ ఉన్నాయి, తక్కువ పలికేవీ ఉన్నాయి. రెండోది, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ మారి, నాలుగు మీటర్లు దాటిన ఈ సెడాన్‌ల మీద పన్ను సెస్సుతో కలిపి 45 శాతంగా ఉన్నది 40 శాతానికి వచ్చింది. చిన్న కార్ల మీద 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర తగ్గినప్పుడు పాత కారు ధర కూడా దిగుతుంది. కాబట్టి అంతకు ముందు మీ బంధువు తన కారును ఎంతకు అమ్మాడన్నది ఇప్పుడు కొలమానం కాదు.

షోరూమ్‌కు వెళ్లేముందే కనీసం మూడు ధరలు చేతిలో పెట్టుకోండి. ఊళ్లో నమ్మకమైన పాత కార్ల వ్యాపారి ఒకరు, ఆన్‌లైన్‌లో పాత కార్లు కొనే కంపెనీ ఒకటి, మీ మోడల్‌నే కొనదలచిన తెలిసినవారు ఒకరు. అనంతపురం వారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. బెంగళూరు కొనుగోలుదారు మన ఏపీ నంబరు కారుకు తక్కువ ధర చెబితే అది అన్యాయమేమీ కాదు, అతను ఇక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని కర్ణాటకలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అలాగే మీ పాత కారు కేఏ నంబరుతో ఉంటే, ఇక్కడి వ్యాపారి ఆ ఖర్చును మీ ధరలోంచే తగ్గిస్తాడు. ఏ రాష్ట్రపు నంబరో ఆ రాష్ట్రంలోనే అమ్మితే మంచి ధర వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

ధర కట్టేవారు వచ్చినప్పుడు వారు ఏం చూస్తారో మీకు తెలిసి ఉండాలి. బాడీ మీద రంగు మందాన్ని కొలిచే చిన్న యంత్రం పెట్టి చూస్తారు, మళ్లీ పెయింట్ వేసిన తలుపు దగ్గర అంకె పెరిగిపోతుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు చూస్తారు. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైన టైరు అని అర్థం. స్టెప్నీ టైరు కింద కారు అడుగు రేకు వంగి ఉందేమో, బోనెట్ లోపలి బోల్టుల రంగు చెదిరిందేమో చూస్తారు. కాబట్టి ప్రమాదం జరిగి ఉంటే దాచకండి. బీమా క్లెయిమ్ రికార్డులో అది ఎలాగూ కనిపిస్తుంది, దాచినట్టు తేలితే మిగిలిన మాటలన్నీ బలం కోల్పోతాయి. సర్వీస్ పుస్తకం, రెండు తాళాలు, బిల్లులు ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. రెండో తాళం లేకపోతే మంచి మొత్తమే తగ్గిస్తారు. ధర కట్టించేముందు వేలకు వేలు పెట్టి కొత్త టైర్లు, పెయింటింగు చేయించడం మాత్రం దండగ, ఆ ఖర్చు తిరిగి రాదు. లోపలంతా శుభ్రంగా కడిగించి, మినుకుమినుకుమనే బల్బులు, వైపర్లు లాంటి చిన్నవి మార్పిస్తే సరిపోతుంది. ఏ కంపెనీ కారు ఇచ్చి అదే కంపెనీ కారు తీసుకుంటున్నారో, అక్కడ మీ సర్వీస్ రికార్డు మొత్తం వారి దగ్గరే ఉంటుంది కనుక ధర కొంత మెరుగ్గా అడగవచ్చు.

ఇక అసలైన లెక్క. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక షోరూమ్‌లో కొత్త కారు ఆన్‌రోడ్ ధర 17,20,000 చెప్పి, మీ పాత కారుకు 4,75,000 ఇస్తామన్నారు, ఇతర తగ్గింపులు లేవన్నారు. మరో షోరూమ్‌లో బీమా కాస్త తక్కువకు వేసి ఆన్‌రోడ్ ధర 17,00,000 చెప్పి, 30,000 తగ్గింపు, 20,000 ఎక్స్చేంజ్ బోనస్ ఇచ్చి, పాత కారుకు 4,40,000 మాత్రమే కట్టారు. పాత కారు ధర మాత్రమే చూసేవారికి మొదటి షోరూమే మంచిదనిపిస్తుంది. కానీ మొదటిచోట మీరు పెట్టవలసినది 12,45,000, రెండోచోట 12,10,000. తక్కువ ధర కట్టినచోటే మీకు 35,000 మిగిలింది. అందుకే ప్రతి షోరూమ్‌లోనూ పాత కారు ధర, నగదు తగ్గింపు, ఎక్స్చేంజ్ బోనస్, బీమా, లైఫ్ ట్యాక్స్, యాక్సెసరీలు అన్నీ విడివిడిగా రాసి, చివర తేడా మొత్తం ఒకటి వేసి, సంతకంతో ఇవ్వమని అడగండి. హ్యాండ్లింగ్ చార్జీలు అంటూ ఏదైనా వరుస కనిపిస్తే, అది ఏ పనికో చెప్పమనండి, చెప్పలేకపోతే కొట్టేయమనండి. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవారు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను తీసుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి పొందవచ్చు, కాబట్టి దాన్ని ఖర్చుగా కలపవద్దు.

బయట అమ్మితే కొంత ఎక్కువ వస్తుందని తేలితే, ఎక్స్చేంజ్ బోనస్ పోతుందేమోనని వెంటనే వెనకాడకండి. పాత కారు బయట అమ్మినా, ఆర్‌సీ మారిన కాపీ చూపిస్తే బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ముందే అడిగి, రాతలో తీసుకోండి. పాత కారు నాన్నగారి పేరునో భార్య పేరునో ఉండి, కొత్తది మీ పేరున కొంటుంటే ఆ బంధుత్వం బోనస్‌కు చెల్లుతుందో లేదో కూడా అడగాలి.

సమయం గురించి ఒక మాట. మనవాళ్లు చాలామంది ఆషాఢంలో బండి కొనరు, అందుకే ఆ నెలలో షోరూమ్‌లు మాట వింటాయి. ఆషాఢంలో ధర తేల్చుకుని, కాగితం మీద రాయించుకుని, శ్రావణంలో మంచిరోజు చూసుకుని కారు ఇంటికి తెచ్చుకోవడానికి అభ్యంతరం ఉండదు. డిసెంబరులో ఇచ్చే తగ్గింపులు ఇంకా పెద్దవిగా ఉంటాయి గానీ, ఆ ఏడాది తయారైన కారు కొద్ది వారాలకే ఏడాది పాతదిగా లెక్కకు వస్తుంది. ఎనిమిది పదేళ్లు ఉంచుకునేవారికి అది పెద్ద నష్టం కాదు, మూడేళ్లకే మార్చేవారికి నష్టమే.

కాగితాలు

మొత్తం వ్యవహారంలో అత్యంత జాగ్రత్త అవసరమైన భాగం ఇది, ఎక్కువమంది తొందరపడేది కూడా ఇక్కడే. కొత్త కారు వచ్చిందన్న సంతోషంలో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టేసి, పాత కారు తాళాలు ఇచ్చి వచ్చేస్తారు. ఆ కారు ఎవరి చేతికి పోయిందో, ఎప్పుడు పేరు మారిందో తర్వాత ఎవరూ చెప్పరు. ఆర్‌సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. అమ్మేసిన కారు ప్రమాదం చేసినా, రిజిస్టర్డ్ యజమానిగా పేరు ఉన్నవారే నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఫారం 29 అమ్మేవారు ఇచ్చే సమాచారం, ఫారం 30 కొనేవారితో కలిసి చేసే దరఖాస్తు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. షోరూమో వ్యాపారో కొంటున్నప్పుడు మరో మంచి దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, అనుమతి పొందిన పాత వాహనాల డీలర్‌కు కారు అప్పగించేటప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ విషయాన్ని రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేయవచ్చు. అలా తెలియజేసిన తర్వాత ఆ కారు బాధ్యత డీలర్‌ది అవుతుంది. మీరు కారు ఇస్తున్న సంస్థకు ఆ అనుమతి ఉందా అని అడగండి. ఉంటే, తాళాలు ఇచ్చే రోజే ఆ పని చేయించి రసీదు తీసుకోండి. లేకపోతే, తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగు, చాసిస్ నంబరు రాసి, సంస్థ ముద్రతో కూడిన డెలివరీ నోట్ తీసుకోండి, ఆ తర్వాత జరిగే దేనికైనా తామే బాధ్యులమని అందులో రాయించండి. సంతకం పెట్టే ప్రతి ఫారంలోనూ వాహనం నంబరు, తేదీ నింపి ఉండాలి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద ఫలానా కారు బదిలీ కోసం మాత్రమే అని అడ్డంగా రాసి ఇవ్వండి.

పాత కారు మీద లోన్ ఉండి తీరిపోయినా, ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మన దగ్గర చాలా మామూలు. బ్యాంకు నుంచి ఎన్ఓసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ముందే ఆ పేరు తీయించండి. లోన్ ఇంకా నడుస్తుంటే, షోరూమ్ వారు తీరుస్తామంటారు. అప్పుడు బ్యాంకు నుంచి ఆ రోజు వరకు కట్టవలసిన మొత్తం రాసిన ఉత్తరం తెప్పించుకుని, వారు కట్టిన రసీదు మీ చేతికి వచ్చేదాకా మీ ఈఎంఐ ఖాతాలో డబ్బు ఉంచండి. పెండింగు చలాన్లు కూడా కట్టేసి, రసీదులు దగ్గర పెట్టుకోండి.

పాత బీమాలో నో క్లెయిమ్ బోనస్ మీదే, కారుది కాదు. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20 శాతం నుంచి 50 శాతం దాకా ఉంటుంది. కారు అమ్మిన రుజువు చూపి బీమా కంపెనీ నుంచి ఆ బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే, కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో ఆ మేరకు తగ్గుతుంది. ఆ భాగం 30,000 ఉండి, మీ బోనస్ 50 శాతం అయితే 15,000 మిగులుతుంది. మూడేళ్ల లోపు ఆ పత్రం వాడుకోవచ్చు. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట ధర తెలుసుకుని వెళితే అక్కడే తగ్గిస్తారు.

ఫాస్టాగ్‌ను తాళాలిచ్చే రోజే మూసేయించండి. అలా చేయకపోతే కొన్ని వారాల తర్వాత మరూరు టోల్ గేటు దగ్గర ఎవరో వెళ్లిన కారుకు మీ ఖాతాలోంచి డబ్బు పోతుంది. డ్యాష్ కెమెరా కార్డు, బ్లూటూత్‌లో దాచిన ఫోన్ నంబర్లు, మ్యాప్‌లో ఇంటి చిరునామా తీసేయడం కూడా మరిచిపోకండి.

కొత్త కారు చేతికి వచ్చేటప్పుడు

మిగిలిన డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్‌కు పంపకముందే, పగటి వెలుతురులో కారును చూడండి. సేల్ సర్టిఫికెట్‌లో, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. చాసిస్ నంబరు కారు మీద ఉన్నదానితో సరిపోవాలి. టైర్ల నాలుగు అంకెలూ, ఓడోమీటర్ రీడింగూ చూడండి. మీరు అడిగిన ఇంజన్, మీరు అడిగిన గేర్‌బాక్స్ ఉన్న వెర్షనే వచ్చిందా అన్నది ఇన్‌వాయిస్‌లోని పేరుతో పోల్చుకోండి, ముఖ్యంగా ఒకే బ్యాడ్జి రెండు ఇంజన్లకు వాడే కార్లలో.

టర్బో ఇంజన్‌ను మొదటి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు ఒకే వేగంతో కాకుండా వేగాలు మారుస్తూ, పూర్తిగా తొక్కకుండా నడపాలి. ఎండలో రహదారి మీద గంటల తరబడి నడిపి ఆపినప్పుడు వెంటనే ఇంజన్ కట్టేయకుండా, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వడం మంచి అలవాటు. ఆయిల్ మార్పిడి గడువును ఎప్పుడూ దాటనివ్వకండి, టర్బోకు అదే ప్రాణం.

పాత కారు ఆర్‌సీ కొత్త యజమాని పేరుకు మారిందో లేదో ప్రతి పది పదిహేను రోజులకూ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడండి. రెండు నెలలైనా మీ పేరే కనిపిస్తుంటే, డెలివరీ నోట్ నకలు, ఫారం 29 నకలు, ఒక ఉత్తరం జతచేసి షోరూమ్‌కూ, రిజిస్ట్రేషన్ జరిగిన ఆర్‌టీఓ కార్యాలయానికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదును కొత్త కారు కాగితాలతో పాటే భద్రపరచండి.